ఎత్తు ముందా, టైర్లు ముందా? నెల్లూరు, ప్రకాశం దారులకు సస్పెన్షన్, చక్రాల ఎంపిక

థారో జిమ్నీయో, ఇలాంటి ఫోర్‌వీల్ డ్రైవ్ జీపు కొన్న ఆరు నెలలకు మనవాళ్లు నన్నడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, రెండంగుళాలు లిఫ్ట్ చేయిద్దామనుకుంటున్నా, ఏ కిట్టు మంచిది?" లిఫ్ట్ అంటే సస్పెన్షన్ (స్ప్రింగులు, షాకబ్జర్లు) మార్చి బండిని నేల నుంచి పైకి లేపడం. నేను తిరిగి అడిగేదీ ఒకటే: "నీ బండి ఇప్పటిదాకా ఎక్కడెక్కడ ఆగిపోయింది?" కొందరి బండి ఇంకా ఎక్కడా ఆగలేదు. ఆగినవాళ్లలో ఎక్కువమందిది పెన్న ఇసుకలోనో, మైపాడు వైపు సముద్రపు ఇసుకలోనో కూరుకుపోయి ఉంటుంది. ఇసుకలో కూరుకున్న బండికి లిఫ్ట్ వల్ల ఒరిగేదేమీ లేదు. టైర్లలో గాలి తగ్గిస్తే చాలాసార్లు అదే బయటికొస్తుంది.

కాబట్టి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మన రెండు జిల్లాల్లో తిరిగే బండికి మొదటి డబ్బు టైర్లకు, గాలి కొట్టే చిన్న కంప్రెసర్‌కు పెట్టాలి. రెండోది షాకబ్జర్లకు. లిఫ్ట్ అన్నిటికన్నా చివర, అదీ నిజంగా అవసరం ఉన్నవాళ్లకే. ఈ వరుస ఎందుకో, ఎవరికి ఇది మారుతుందో చెప్పడానికే ఇదంతా.

ముందు నేల చూసుకోండి

ఆస్ట్రేలియా వాళ్ల వీడియోలు చూసి వాళ్ల సెటప్ మనం దించుకుంటే కుదరదు. మన దగ్గర నాలుగు రకాల నేల ఉంది, నాలుగూ టైరు నుంచి నాలుగు వేర్వేరు గుణాలు అడుగుతాయి.

మొదటిది ఇసుక. పెన్న పాయలు, మైపాడు, కొత్తకోడూరు, అటు కొత్తపట్నం వైపు జాలరి పల్లెలకు పోయే దారులు. ఇక్కడ టైరు వెడల్పుగా పరుచుకోవాలి, తవ్వకూడదు.

రెండోది రాయి. ఉదయగిరి, సీతారామపురం, భైరవకోన వైపు వెలిగొండల అంచున పోయే బండదారులు, చీమకుర్తి చుట్టూ గ్రానైట్ క్వారీల దారులు, మార్కాపురం వైపు పలకరాయి పెంకులు. ఈ దారుల్లో టైరు పైభాగం కన్నా పక్క గోడకే ప్రమాదం.

మూడోది రేగడి. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వాన పడితే అంటు జిగురే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే వాన ఈశాన్య రుతుపవనాలది, అప్పుడే పొలం దారులు అన్నీ మూసుకుపోతాయి. కోవూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటల గట్లు కూడా ఇదే లెక్కలోకి వస్తాయి. పైగా అక్కడ ఉప్పునీళ్లు.

నాలుగోది అందరూ మర్చిపోయేది, నేషనల్ హైవే 16. నిజాయితీగా లెక్కేసుకుంటే మన బండి తిరిగే దూరంలో పెద్ద వాటా దీనిదే. మే నెల ఎండలో ఒంగోలు నుంచి నెల్లూరు దాకా 120 కిలోమీటర్ల పైచిలుకు కాలే రోడ్డు మీద నడిచే టైరు ఎలా ఉండాలో కూడా ఆలోచించాలి.

నేల తర్వాత చూడాల్సినవి మూడు. బండిలో ఎప్పుడూ ఎంత బరువుంటుంది? ఊరికి దూరంగా ఏదైనా విరిగితే దగ్గరి పంచర్ షాపులోనో, ఆటోనగర్‌లోనో బాగవుతుందా? చేసిన మార్పు ఆర్సీకి, ఇన్సూరెన్సుకు అడ్డం వస్తుందా? ఈ మూడింటికీ జవాబు రాసుకున్నాకే షాపుకెళ్లండి.

టైర్లు: హెచ్‌టీ, ఏటీ, ఎంటీ

హెచ్‌టీ అంటే రోడ్డు టైరు. చప్పుడుండదు, మైలేజీ బాగుంటుంది, వాన రోడ్డు మీద బ్రేకు బాగా పడుతుంది. రాళ్ల దారిలో దీని పక్క గోడ పలచన. నెలకోసారి మట్టి రోడ్డు తొక్కేవాళ్లకు ఇది చాలు, సిగ్గుపడాల్సిన పనిలేదు.

ఏటీ అంటే రోడ్డుకూ మట్టికీ మధ్యస్థం. బటన్లు (టైరు మీది రబ్బరు దిమ్మలు) పెద్దవి, పక్క గోడ గట్టిది. యోకోహామా జియోలాండర్ ఏటీ, అపోలో ఆప్టెరా ఏటీ2, బీఎఫ్‌గుడ్‌రిచ్ కేఓ2 లాంటివి ఈ కోవలోవి. అన్నీ ఒక్క తీరుగా ఉండవు. బీఎఫ్‌గుడ్‌రిచ్‌ది బరువెక్కువ, గోడ మందం. అపోలో, యోకోహామా రోడ్డు మీద మెత్తగా పోతాయి. ఇసుక, రాయి, హైవే మూడూ ఉన్న మన జిల్లాలకు పదిమందిలో ఎనిమిదిమందికి నేను ఏటీయే చెప్తాను.

ఎంటీ అంటే బురద టైరు. బటన్ల మధ్య సందులు వెడల్పు, చక్రం వేగంగా తిరిగితే మట్టి విదిలించుకుంటుంది. రేగడిలో ఏటీ టైరు సందులు రెండు చుట్లలో మట్టితో పూడిపోయి గుండు టైరులాగా తయారవుతాయి. అక్కడ ఎంటీ నిజంగానే మేలు. కానీ ఇసుకలో యాక్సిలరేటర్ కొంచెం ఎక్కువ తొక్కితే ఎంటీ గొయ్యి తవ్వుకుంటుంది. హైవేలో 80 దాటితే హోరు. తడి తారు రోడ్డు మీద బ్రేకు ఆలస్యంగా పడుతుంది, ఈ లోపం ప్రాణాల మీదికి తెచ్చేది. ఇంకో మాట: గుంటల గట్ల మీద ఎంటీ టైర్లతో తిరిగితే గట్టు తెగ్గోసినట్టు అవుతుంది. గట్టు మన సొంతం కాకపోతే ఆ రైతు కష్టం గుర్తుంచుకోవాలి. నిజానికి తడి రేగడిలో బండి అడుగు నేలకు ఆనాక ఏ టైరూ ఏమీ చెయ్యలేదు. ఒక పూట ఆగితే పైన పొర ఆరుతుంది.

పక్క గోడ గురించి నేను నేర్చుకున్నది సొంత నష్టంతోనే. చీమకుర్తి అవతల ఒక క్వారీ దారిలో నిదానంగా పోతున్నా, వెనక ఎడమ చక్రం దగ్గర బుస్సుమని చప్పుడు. దిగి చూస్తే గోడ మీద బొటనవేలి గోరంత కోత, అంచు బ్లేడుతో కోసినట్టు నున్నగా ఉంది. ట్రెడ్డులో (నేలను తాకే భాగంలో) మేకు దిగితే పంచర్ వేయించుకుని పోవచ్చు, గోడ తెగితే టైరు చెత్తకే. డబ్బు మిగుల్చుకుందామని నాలుగే ఏటీలు వేయించి, స్టెప్నీగా పాత అరిగిన టైరు ఉంచుకున్నాను. అరిగిన టైరు వ్యాసం తక్కువ. మన బండ్ల ఫోర్‌వీల్ డ్రైవ్‌లో ముందు వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగిసిపోతాయి. చక్రాల వ్యాసం తేడాగా ఉంటే గట్టి నేల మీద ఆ ఒత్తిడంతా గేర్ల మీద పడుతుంది. అందుకని ఫోర్‌వీల్ వెయ్యకుండానే ఆ రాళ్లలో భయంభయంగా బయటపడ్డాను. ఎప్పుడు కొన్నా ఐదు టైర్లు, ఐదూ ఒకే రకం, ఒకే సైజు కొనండి. గోడ మీద నాలుగంకెల తారీఖు కూడా చూడండి: 2324 అని ఉంటే 2024లో 23వ వారం తయారైందని అర్థం. షాపులో రెండేళ్లు నిలవున్న టైరుకు కొత్త టైరు ధర కట్టకండి.

సైజు లెక్క

సైజు అంకెలు చదవడం తెలిస్తే షాపువాడు చెప్పేది మనమే తూకం వేసుకోవచ్చు. 255/65 ఆర్18లో 255 మి.మీ. వెడల్పు, అందులో 65 శాతం పక్క గోడ ఎత్తు, 18 అంగుళాలు రిమ్ము.

| సైజు | ఎక్కడిది | పక్క గోడ (మి.మీ.) | మొత్తం వ్యాసం (మి.మీ.) |
|---|---|---|---|
| 195/80 ఆర్15 | జిమ్నీ కంపెనీది | 156 | 693 |
| 215/75 ఆర్15 | బొలెరో కంపెనీది, జిమ్నీకి చాలామంది వేసేది | 161 | 704 |
| 235/75 ఆర్15 | జిమ్నీకి పెద్ద సైజు | 176 | 734 |
| 245/75 ఆర్16 | మూడు డోర్ల థార్, స్టీల్ రిమ్ము | 184 | 774 |
| 255/65 ఆర్18 | మూడు డోర్ల థార్, అల్లాయ్ | 166 | 789 |
| 265/75 ఆర్16 | థార్‌కు పెద్ద సైజు | 199 | 804 |

వ్యాసం ఎంత పెరిగితే నేల నుంచి ఎత్తు దానిలో సగమే పెరుగుతుంది. జిమ్నీకి 235 వేస్తే 40 మి.మీ. పెద్ద టైరు, కానీ ఇరుసు లేచేది 20 మి.మీ. దానికి బదులుగా కట్టేది ఏమిటంటే, స్పీడోమీటరు 80 చూపిస్తున్నప్పుడు బండి నిజానికి 85 దగ్గర పోతుంటుంది. 1.5 లీటర్ల పెట్రోలు ఇంజనుకు 134 ఎన్‌ఎం టార్కే (తిప్పే బలం) ఉంది, బరువైన టైరును తిప్పడానికి ప్రతి ఎత్తులో ఒక గేరు దించాల్సి వస్తుంది. 215/75 దగ్గర ఆగితే ఈ బాధలేవీ లేవు, వ్యాసం తేడా ఒకటిన్నర శాతమే.

థార్ వాళ్లకు టేబుల్‌లో నాలుగు, ఐదు వరసలు చూపిస్తాను. 18 నుంచి 16కి దిగితే ఎత్తు 7 మి.మీ. తగ్గుతుంది, పక్క గోడ 18 మి.మీ. పెరుగుతుంది. ఇసుకలో గాలి దించినప్పుడు ఆ గోడే వంగి టైరును పరుస్తుంది, రాయి తగిలినప్పుడు ఆ గోడే రిమ్మును కాపాడుతుంది. ఏడు మిల్లీమీటర్ల ఎత్తు వదులుకోవడానికి నేను వెంటనే ఒప్పుకుంటాను. పైగా అదే బండికి కంపెనీ ఇచ్చిన సైజు కనుక బ్రేకులకు తగులుతుందనే భయం లేదు. మిగతా బండ్లకు రిమ్ము చిన్నది చేసేముందు బ్రేక్ క్యాలిపర్‌కు తగలకుండా తిరుగుతుందా అని ఒక చక్రం బిగించి చేత్తో తిప్పి చూడాల్సిందే.

రిమ్ము: అల్లాయా, స్టీలా

అల్లాయ్ అందం, చాలావరకు బరువు కూడా తక్కువ. గట్టి దెబ్బ తగిలితే పగులుతుంది. స్టీల్ రిమ్ము వంగుతుంది. వంగిన అంచును ఏ ఊళ్లోనైనా సుత్తితో కొట్టి సరిచేసి, గాలి నిలిచేలా చేసి పంపిస్తారు. కనిగిరి దాటి లోపలికి పోయేవాళ్లకు స్టీల్ మంచిది. ఉప్పుగాలి, ఉప్పునీళ్ల మధ్య ఉండేవాళ్లకు మాత్రం స్టీల్ త్వరగా తుప్పు పడుతుంది, గీత పడ్డచోటల్లా రంగు వేయించుకోవాలి. మెరిసే వెడల్పు అల్లాయ్‌లు, బయటికి పొడుచుకొచ్చేవి, వాటి జోలికి పోవద్దు. ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికి కూర్చుంటుందనే కొలత) మారి చక్రం బయటికి వస్తే బేరింగుల మీద బరువు పెరుగుతుంది, స్టీరింగ్ గుంజుతుంది, టైరు విసిరే రాళ్లు, బురద నేరుగా తలుపుల మీద పడతాయి. చక్రానికీ హబ్బుకీ మధ్య స్పేసర్లు (మందపాటి బిళ్లలు) పెట్టినా అదే కథ.

గాలి

అన్నిటికన్నా చవకైన మార్పు ఇది. పెన్న ఇసుకలో ఒకసారి మా తమ్ముడి థార్ ఇరుసుదాకా దిగింది. నలుగురం తోశాం, చక్రాల కింద కంపలు వేశాం, కదల్లేదు. అప్పుడు నాలుగు టైర్లలో 32 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నుంచి 16కి గాలి దించాం. ఒక్కో టైరు అడుగుభాగం పొడవుగా, ఏనుగు పాదంలాగా పరుచుకోవడం కళ్లకు కనిపించింది. వెనక చక్రాల ముందు ఇసుక చేతులతో తీసి, రెండో గేరులో మెల్లగా వదిలితే బండి దానంతటది నడిచొచ్చింది. బయట ఒక్క రూపాయి సామాను వాడలేదు.

మెత్తటి ఇసుకకు 15 నుంచి 18 పీఎస్ఐ, రాళ్లకు 24–26. రాళ్లలో అంతకన్నా దించితే గోడ బయటికి ఉబ్బి కోతకు దొరుకుతుంది. 12 కన్నా దించితే టైరు రిమ్ము వదిలేయవచ్చు. తారు రోడ్డెక్కేముందు తప్పనిసరిగా మళ్లీ గాలి పట్టాలి. తక్కువ గాలితో ఎండాకాలం హైవే మీద పోతే టైరు వేడెక్కి పేలుతుంది. అందుకే కంప్రెసర్ సొంతంగా ఉండాలంటున్నా.

సముద్రం ఒడ్డున నడిపేవాళ్లకు ఒక విన్నపం. శీతాకాలం చివర మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో, ముఖ్యంగా రాత్రిళ్లు, ఒడ్డు మీదికి బండి దించకండి. వెలిగొండల్లోనూ పెంచలకోన చుట్టూ అభయారణ్యం ఉంది, ఫారెస్టు అనుమతి లేని దారి మనది కాదు.

సస్పెన్షన్: మార్చేముందు చూడాల్సినవి

నా థార్ ముందుభాగం గుంతల్లో దబదబమంటుంటే నేను కూడా లిఫ్ట్ కిట్టు కోసమే మేస్త్రీ దగ్గరికి పోయాను. ఆయన బండి చుట్టూ తిరిగి, "అబ్బయ్యా, ఎత్తు సంగతి తర్వాత చూద్దాం, ముందు నీ బండికి మోకాళ్ల నొప్పులున్నాయేమో చూడాల" అన్నాడు. పక్కన కూర్చుని పది కిలోమీటర్లు గతుకుల దారిలో నడపమన్నాడు. దిగగానే నాలుగు షాకబ్జర్లనూ ఒక్కోదాన్నీ చేత్తో తాకాడు. మూడు వెచ్చగా ఉన్నాయి, ముందు కుడిది చల్లగా ఉంది. పనిచేసే షాకబ్జర్ గతుకుల శక్తిని వేడిగా మార్చుకుంటుంది, చల్లగా ఉన్నది పని మానేసినట్టు. దాని గొట్టం మీద నూనె చెమ్మ, ఆ చెమ్మకు దుమ్ము పట్టి నల్లటి పేస్టు. జత మార్చి, అరిగిన బుష్షుల (కీళ్ల దగ్గరి రబ్బరు ముక్కల) బదులు కొత్తవి వేసేసరికి దబదబ పోయింది. లిఫ్ట్ అవసరం గుర్తుకే రాలేదు.

అందుకని ఎంపికలను ఈ వరుసలో చూడండి.

*కంపెనీ ఎత్తులోనే మంచి షాకబ్జర్లు.* గ్యాస్ నింపిన మోనోట్యూబ్ (ఒకే గొట్టం) రకం త్వరగా చల్లబడుతుంది, రాపూరు, ఉదయగిరి లాంటి చోట్ల గంటల తరబడి గతుకుల్లో పోయినా పట్టు తగ్గదు. రాయి తగిలి దాని గొట్టం సొట్టపోతే మాత్రం లోపలి పిస్టను ఇరుక్కుంటుంది. ట్విన్ ట్యూబ్ (గొట్టంలో గొట్టం) చిన్న సొట్టలు ఓర్చుకుంటుంది, ధరా తక్కువ, ఎక్కువసేపు గతుకుల్లో వేడెక్కి మెత్తబడుతుంది. క్వారీ దారుల్లో రోజూ తిరిగేవాళ్లకు మందపాటి ట్విన్ ట్యూబ్, దూరప్రయాణాల వాళ్లకు మోనోట్యూబ్ అని నా లెక్క.

*బరువుకు తగ్గ స్ప్రింగులు.* ఇనుప బంపరు, వించి (కూరుకున్న బండిని తాడుతో లాగే మోటారు) కలిస్తే ముందు సీటుకు ముందు ఇంకో మనిషి ఎప్పుడూ కూర్చున్నట్టే. అలాంటి బండికి గట్టి స్ప్రింగు కావాలి. బరువు పెట్టకుండా గట్టి స్ప్రింగు వేస్తే బండి ఎగిరెగిరి పడుతుంది, చక్రం నేల వదిలేస్తుంది. బరువు ముందు, స్ప్రింగు తర్వాత.

*స్పేసర్ పెట్టి లేపడం.* స్ప్రింగు దగ్గర ఒక దిమ్మ పెట్టి బండిని లేపుతారు. చవక, ఒక పూట పని. మెకానిక్ ఎవరైనా చేసేస్తాడు. థార్ ముందు చక్రాలు విడివిడిగా కదిలేవి. స్పేసర్‌తో లేపితే చక్రం గుంతలోకి దిగే దూరం ఆ మేరకు తగ్గుతుంది, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్టు కోణం పెరిగి దాని రబ్బరు తొడుగులు చిరుగుతాయి. చక్రం గాల్లో తేలితే పట్టు ఎక్కడిది?

*పూర్తి కిట్టు, 40–50 మి.మీ.* స్ప్రింగులు, షాకబ్జర్లు ఒకదానికొకటి సరిపడేలా వస్తాయి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటివి ఈ దారిలోవి. ఖర్చు బాగానే అవుతుంది, పని కిట్టుతో అయిపోదు. జిమ్నీ ముందు, వెనక రెండూ గట్టి ఇరుసులు (రెండు చక్రాలనూ కలిపే ఒకే కడ్డీ). లేపితే క్యాస్టర్ కోణం (స్టీరింగ్‌ను సూటిగా నిలిపే వాలు) తగ్గి హైవేలో స్టీరింగ్ నిలకడ పోతుంది, ఇరుసు ఒక పక్కకు జరుగుతుంది. క్యాస్టర్ బుష్షులు, ఇరుసును పక్కకు జరగనివ్వని, పొడవు సర్దుకునే పాన్‌హార్డ్ రాడ్డు కూడా లెక్కలో వేసుకోవాలి. ఆ బండి వెడల్పు 1,645 మి.మీ. మాత్రమే, ఎత్తు పెంచితే మలుపుల్లో ఒరుగుడు బాగా తెలుస్తుంది. బ్రేక్ పైపులు సాగకుండా పొడవు చూడాలి, హెడ్‌లైట్లు మళ్లీ కిందికి సర్దాలి.

చాలామందికి తెలియని ముఖ్య విషయం ఒకటుంది. గట్టి ఇరుసున్న బండిని సస్పెన్షన్‌తో ఎంత లేపినా బాడీ లేస్తుంది గానీ మధ్యలో ఉన్న డిఫరెన్షియల్ గుండు (ఇరుసు మధ్య గేర్లుండే ఉబ్బు) లేవదు. అది నేలకు అంతే దగ్గరగా ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరే. థార్ వెనక, బొలెరో వెనక, జిమ్నీ రెండు వైపులా ఇదే సంగతి. థార్‌కు కంపెనీ ఇచ్చిన 226 మి.మీ., జిమ్నీకి 210 మి.మీ. ఎత్తు మన దారుల్లో చాలావాటికి సరిపోతాయి.

*కమాన్ కట్టలున్న (పట్టీల స్ప్రింగులున్న) బండ్లు.* బొలెరో, పాత జీపుల వాళ్లకు ఆటోనగర్ వరం. ఒక పట్టీ అదనంగా వేస్తే బరువు మోస్తుంది, ఖాళీగా ఉన్నప్పుడు నడుము విరుస్తుంది. వాలిపోయిన కట్టల్ని కొట్టించి మళ్లీ వంపు తెప్పిస్తారు. వేడిచేసి సరిగ్గా పదును పెట్టకపోతే కొన్నాళ్లకే మళ్లీ వాలుతుంది, కొత్త కట్ట కొన్నదే నయం.

మీ బండి ఏ పనికి?

అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల గుంటలున్నవాళ్లు: ఏటీ టైర్లు, కంపెనీ సైజు, కంపెనీ ఎత్తు. లిఫ్ట్ డబ్బు బండి అడుగున తుప్పు పట్టకుండా కోటింగ్ వేయించడానికి వాడండి. ఉప్పునీళ్లలో తిరిగిన రోజు అడుగంతా మంచినీళ్లతో కడగాలి. స్ప్రింగు సీట్లు, బ్రేక్ పైపుల జాయింట్లు మొదట తుప్పు పడతాయి.

పొదలకూరు, రాపూరు వైపు నిమ్మతోటల వాళ్లు, పొదిలి, కొండపి వైపు పొగాకు రైతులు: వెనక బస్తాలు ఎప్పుడూ ఉంటాయి కాబట్టి వెనక స్ప్రింగులు ఒక మెట్టు గట్టివి, టైరు మీద బరువు సూచిక కంపెనీ దానికన్నా తగ్గకుండా. ముందు భాగం ముట్టుకోవద్దు.

శని, ఆదివారాలు భైరవకోన, సోమశిల, ఉదయగిరి తిరిగొచ్చేవాళ్లు: ఏటీ, 16 అంగుళాల స్టీల్, మంచి షాకబ్జర్లు, కంప్రెసర్. నా బండి ఇదే. రెండేళ్లలో లిఫ్ట్ లేక వెనక్కి తిరిగిన దారి ఒక్కటే ఒక్కటి, అది కూడా వాన కొట్టేసిన వాగు.

పోటీలకు పోయేవాళ్లు, వించి, ఇనుప బంపరు, పైన టెంటు అన్నీ బిగించేవాళ్లు: మీకే పూర్తి కిట్టు. ఎంటీ టైర్లు విడి రిమ్ముల మీద ఉంచుకుని ఆ రోజుకు మార్చుకోండి.

కాగితాలు, బిగించిన తర్వాత పనులు

మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. కంపెనీ అదే మోడల్‌కు ఇచ్చిన టైరు సైజుల్లో ఉంటే నిశ్చింత. అది దాటితే ముందు ఆర్టీవో ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్సు వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేసి, వాళ్ల జవాబు దాచుకోండి. ప్రమాదం జరిగాక క్లెయిమ్ దగ్గర మొదట చూసేది ఇలాంటి మార్పులే.

పని చేయించే రోజు టేపు తీసుకెళ్లండి. రిమ్ము మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా నాలుగు మూలలా కొలిచి రాసుకోండి, పని అయ్యాక మళ్లీ కొలవండి. కుడి ఎడమలకు తేడా ఉంటే అక్కడే అడగండి. బుష్షుల బోల్టులు బండి జాకీ మీద వేలాడుతున్నప్పుడు పూర్తిగా బిగించనివ్వకండి. చక్రాలు నేలకానించి, బరువు పడ్డాక బిగిస్తేనే బుష్షు మెలిపడకుండా ఉంటుంది. చక్రాల నట్లు వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్లీ బిగించుకోండి. స్ప్రింగులు కొంచెం కుదురుకుంటాయి కనుక అలైన్‌మెంట్ ఆ రోజు ఒకసారి, 500 కిలోమీటర్ల తర్వాత ఇంకోసారి చేయించాలి.